రేవు మలుపులో లైటు

ఆమె మాట్లాడటానికి లేచి నిలబడగానే హాల్లో లైట్లు ఆరిపోయాయి.

కరెంటు పోలేదు. గోడవార కూర్చున్న కౌన్సిలరు చెయ్యి చాపి స్విచ్ నొక్కేశాడు.

"ఇప్పుడు చెప్పమ్మా, చీకటంటే ఎలా ఉంటుందో అందరికీ తెలియాలి కదా," అన్నాడు.

హాలంతా ఘొల్లున నవ్వింది. బయట ముసురు పట్టి ఉండటంతో లోపల నిజంగానే చీకటైంది. ముందు వరసలో కూర్చున్న స్థానిక పత్రిక విలేకరి, పాతికేళ్ల అమ్మాయి, తనూ నవ్వు ఆపుకోలేకపోయింది.

లైట్లు మళ్లీ వెలిగేసరికి ఆమె ముందున్న కుర్చీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

అలాగే కూర్చుండిపోయింది.

వార్డు సభ ఎప్పుడు జరిగినా ఆమె వచ్చేది. అడిగేది ఒక్కటే. రేవుకి వెళ్లే రోడ్డు మలుపులో ఒక లైటు. అసలు పేరు ఎవరికీ పట్టలేదు. లైట్లమ్మ అంటే మాత్రం బంట్రోతుకి కూడా తెలుసు.

"అక్కడ ఇళ్లే లేవు కదమ్మా," అనేవాడు మునిసిపల్ ఇంజనీరు.

"ఒక ఇల్లుంది సార్. ఆ ఇంటి నంబరే రాయించాను."

"ఉప్పుగాలికి స్తంభం తుప్పుపట్టి కూలిపోతుంది."

"కూలేదాకా వెలగనివ్వండి సార్."

ఆ సాయంత్రం పేజీ అడుగున కాస్త చోటు మిగిలింది.

"నవ్వొచ్చేదేమైనా ఉంటే పడెయ్ అమ్మాయ్. పేజీ అంతా ఏడుపుగొట్టుగా ఉంది," అన్నాడు ఎడిటరు.

విలేకరి నాలుగు ముక్కలు గిలికి ఇచ్చింది. 'లైట్లమ్మకు దక్కిన చీకటి' అని శీర్షిక కూడా తనే పెట్టింది. మర్నాడు బస్సులో ఇద్దరు దాన్ని పైకి చదువుకుని పడీ పడీ నవ్వుతుంటే లోలోపల కాస్త గర్వపడింది.

తర్వాతి సభకి ఆమె రాలేదు. ఆ పై సభకీ రాలేదు.

వెనక వరసలో ఆమె కుర్చీ ఖాళీగా కనిపించినప్పుడల్లా ఏమైందో కనుక్కోవాలి అనుకునేది విలేకరి. పని హడావిడిలో పడి మరిచిపోయేది.

ఈలోగా ఆ వార్త కమిషనరు కంటపడింది.

"ఆ లైటేదో తగిలించి పారెయ్యండయ్యా. ఒక్క బల్బు కోసం పేపర్లో పరువు పోతోంది," అన్నాడట.

స్తంభం లేచింది. ప్రారంభోత్సవానికి టెంటు వేశారు, మైకు పెట్టారు, కుర్చీలు తెప్పించారు. హాల్లో లైట్లు ఆర్పిన కౌన్సిలరే ఇక్కడ లైటు వెలిగించాడు.

"ఈ లైటు నా చిరకాల స్వప్నం," అన్నాడు మైకులో. జనం చప్పట్లు కొట్టారు.

విలేకరి గుంపంతా గాలించింది. లైట్లమ్మ జాడ లేదు. ఆమెను లైటు కింద నిలబెట్టి ఫొటో తీయాలని, ఈసారి వెటకారం లేకుండా రాయాలని వచ్చింది తను.

మలుపు దాటాక ఉన్నది ఒకే ఇల్లు. వాకిట్లో ఒక పెద్దాయన పడవ మోటారు విప్పి పెట్టుకుని ఒక్కో ముక్కా గుడ్డతో తుడుస్తున్నాడు. అంత దగ్గర్లో మైకు మోగుతున్నా తలెత్తి చూడటం లేదు.

"అమ్మగారు లోపల ఉన్నారా బాబాయ్?"

"ఏ అమ్మగారు?"

"అదే, లైటు కోసం సభకి వచ్చేవారు."

ఆయన చేతిలో గుడ్డ ఆగింది.

"పోయింది తల్లీ. గుండె జబ్బు. ఎప్పటినుంచో ఉన్నదే."

విలేకరి కెమెరా సంచిలో పెట్టేసింది.

"మీ ఇంటావిడ ఇంత కష్టపడి, తీరా లైటు వచ్చే వేళకి..."

"మా ఇంటావిడ కాదు."

"మరి చెల్లెలా?"

"ఏమీ కాదు. ఆవిడ ఉండేది ఊరికి ఆ చివర. ఈ వార్డు వాళ్లు కాకపోతే సభలో మాట్లాడనివ్వరంట. మీ ఇంటి నంబరు చెప్పుకోనా అన్నయ్యా అని అడిగింది. సరేనన్నాను."

"ఇక్కడ ఉండనప్పుడు ఆవిడకి ఈ లైటు ఎందుకు?"

పెద్దాయన మలుపు వైపు చూశాడు. కొత్త వెలుగులో రోడ్డు తడిగా మెరుస్తోంది.

"మా ఆవిడ పోయింది అక్కడేనమ్మా. ఏళ్లయింది. చీకట్లో కారు గుద్దేసింది. లైటు లేని రోడ్డు, నడిపినవాళ్ల తప్పు కాదని కోర్టు కేసు కొట్టేసింది."

"మరి మీరెందుకు అడగలేదు?"

"లైటు వస్తే మనిషి వస్తుందా అనుకున్నాను. మనసొప్పలేదు. ఆవిడే పట్టుకుని తిరిగింది. పేపర్లో ఆ రాతలు వచ్చిన రోజు కూడా వచ్చి, ఇదిగో, ఈ మెట్టు మీద కూర్చుంది. హాల్లో లైట్లు ఆర్పేసరికి మళ్లీ కళ్లకు కట్టిందంట."

"ఏం కళ్లకు కట్టింది బాబాయ్?"

"మా ఆవిడ మొహం," అన్నాడు పెద్దాయన. "ఆ రోజు కారు నడిపింది మీ లైట్లమ్మే కదా తల్లీ."