పద్దెనిమిది వందల లీటర్లు

అడగకుండానే ఆ ముసలాయన పెట్రోలు బంకులో డీజిల్ ట్యాంకు మూత తీసి, కొలత కడ్డీ లోపలికి దించాడు.

బంకు యజమాని వెంకటనారాయణకు ఒళ్ళు మండింది.

రెండు రోజుల క్రితం, వరదకు ఆగిపోయిన బస్సు దిగి తన బంకు వరండాలో తలదాచుకున్న మనిషి. బురద పట్టిన లుంగీ, మాసిన చొక్కా. ఏ లారీ డ్రైవరో అనుకుని ఊరుకుంటే, ఇప్పుడు ట్యాంకు మీదే చెయ్యి వేస్తున్నాడు.

కసిరేలోపే ఆయన కడ్డీ పైకి లాగి, తడి ఎంతవరకు ఉందో చూశాడు.

"పద్దెనిమిది వందల లీటర్లుంది. చాలు," అన్నాడు, రేవులో కట్టేసి ఉన్న లాంచీల వైపు చూస్తూ.

ఎందుకు చాలో వెంకటనారాయణకు అర్థం కాలేదు.

అది ఎనభై ఆరు ఆగస్టు. గోదావరి భద్రాచలం చుట్టుపక్కల ఊళ్ళ మీద పడింది. ఖమ్మం నుంచి ట్యాంకర్లు ఆగిపోయాయి. ఉన్న డీజిలంతా ఆఫీసు జీపులకే ఉంచాలని, తన సంతకం లేనిదే చుక్క కూడా పోయకూడదని, వరద పనులు చూసే అధికారి కాగితం రాసిచ్చి వెళ్ళాడు. మాట దాటితే బంకు లైసెన్సు ఉండదన్నాడు.

ముసలాయన ట్యాంకు కొలిచిన రోజు మధ్యాహ్నమే భీమక్క వచ్చింది. ఏటి అవతలి కోయగూడెం ఆమెది. దోనెలో ప్రాణాలకు తెగించి దాటి వచ్చింది. గూడెం మునిగితే జనమంతా గుట్టెక్కారట. రేవులో మూడు లాంచీలున్నాయి, నడిపేవాళ్ళూ ఉన్నారు. డీజిలే లేదు.

"నూట నలభై మందిమి ఉన్నం అయ్యా. నీళ్ళు సగం గుట్ట దాక వచ్చినయి. పొద్దుగూకేసరికి గుట్టంత మునుగుతది," అంది.

వెంకటనారాయణ అధికారి ఇచ్చిన కాగితం చూపించాడు. చదువు రాని మనిషికి కాగితం చూపించినందుకు తనకే సిగ్గేసింది.

ముసలాయన ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గుట్ట ఎంత దూరమో, ఏరు ఎటు లాగుతోందో, లాంచీలో ఎందరు పడతారో ఒక్కొక్కటే అడిగాడు. ఎంత డీజిల్ కావాలో గోడ మీద సుద్దతో లెక్క కట్టాడు. ఆ పక్కన ఇంకే గూడేలు మునిగాయో అడిగి వాటికీ కట్టాడు.

కరెంటు లేదు. పంపుకు హ్యాండిల్ బిగించి, తనే చేత్తో తిప్పసాగాడు.

అడ్డుకోబోయిన వెంకటనారాయణ భీమక్క ముఖం చూసి ఆగిపోయాడు. కాసేపటికి తనే వెళ్ళి గొట్టం పట్టుకున్నాడు.

మూడో డ్రమ్ము నిండుతుండగా అధికారి జీపు వచ్చింది. ఎవడు పోయమన్నాడని గద్దించాడు.

"నేనే," అన్నాడు ముసలాయన, హ్యాండిల్ వదలకుండా.

"నువ్వెవడివి?"

"అది తర్వాత. రోడ్లన్నీ నీళ్ళలో ఉన్నాయి. మీ జీపులు ఎక్కడికి వెళ్ళగలవో చెప్పండి, వాటికీ పోస్తాను."

అధికారి గొట్టం లాక్కోబోయాడు. ముసలాయన మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. కావాలంటే తనను తోసి తీసుకోమన్నాడు, తనంతట తాను మాత్రం కదలనన్నాడు. అధికారి పోలీసుల కోసం వెళ్ళాడు.

వాళ్ళు వచ్చేసరికి సాయంత్రమైంది. ట్యాంకు అడుగంటింది. గుట్ట మీది జనమంతా ఒడ్డున పడ్డారు. లాంచీలు పక్క గూడేలకు మళ్ళాయి.

ఎవరో దారిన పోయేవాడు దౌర్జన్యంగా డీజిల్ తోడేశాడని ఫిర్యాదు రాసి, సంతకం చెయ్యమని వెంకటనారాయణ ముందు పెట్టారు. అతను కాగితం పక్కకు జరిపాడు.

"పెట్టవయ్యా," అన్నాడు ముసలాయన, పోలీసు జీపు ఎక్కుతూ. "రేపు ట్యాంకరొస్తే బంకు తెరిచి ఉండాలి."

వెంకటనారాయణ సంతకం పెట్టాడు. ఆయన పేరైనా అడగలేదు.

దసరా వెళ్ళాక ఆయిల్ కంపెనీ మనిషి వచ్చాడు. లైసెన్సు పోయిందనే అనుకున్నాడు వెంకటనారాయణ. నిజంగానే అంతవరకూ వచ్చిందట. ఇంతలో హెడ్డాఫీసుకు ఆ ముసలాయన రాసిన ఉత్తరం ఒకటి వచ్చిందట. డీజిలంతా తన మాట మీదే పోశారని, బంకు యజమాని తప్పేమీ లేదని, శిక్ష ఏదైనా తనకే వేయమని. దాంతో ఫైలు మూసేశారు.

 ఆయన ఎక్కడుంటారో చెబితే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటానన్నాడు వెంకటనారాయణ.

"చెంచురామయ్య గారు కిందటి నెల కాలం చేశారండీ. వరదలో పట్టిన జ్వరం వదల్లేదట."

వెంకటనారాయణ గోడ మీద ఇంకా మిగిలి ఉన్న సుద్ద లెక్క వైపు చూశాడు. ఆ తర్వాత, ఒక దారిన పోయే మనిషి ఉత్తరానికి అంత పెద్ద ఆఫీసు ఎందుకు తలవంచిందని అడిగాడు.

"ఆయన మా జనరల్ మేనేజరుగా రిటైరయ్యారు," అన్నాడు వచ్చినతను. "అంతకు ముందు డెబ్బై ఒకటి యుద్ధంలో, ఏ ఓడకు ఆయిల్ పోయాలో, ఎంత పెద్దవాళ్ళు అడిగినా దేనికి పోయకూడదో తేల్చిన నేవీ ఆఫీసరు ఆయనే."