ఓడ కదిలేలోగా కోట

ఓడ పొద్దున్న ఏడింటికి విశాఖ రేవుకొస్తుంది. సాయంత్రం ఐదింటికి మెట్లు ఎత్తేస్తారు. ఈలోగా నలభై మైళ్ళు పోయి, విజయనగరం కోట చూపించి, మళ్ళీ నలభై మైళ్ళు వెనక్కి తెచ్చి ఓడెక్కించాలి. నరసింగరావు వారం రోజులుగా కాగితం మీద ఇదే లెక్క వేస్తున్నాడు. ఎటు తిప్పి వేసినా వాడికి ధీమా కలగడం లేదు.

ఒట్టి కోటే అయితే ఇంత తలనొప్పి లేకపోను. అసలు సంగతి పెళ్లిచూపులు.

రంగూన్ వదిలేసి మద్రాసులో కొడుకు దగ్గరికి పోతున్న లక్ష్మణమ్మ, మనవరాలు నీలవేణితో ఆ ఓడలో వస్తోంది. ఆవిడ పుట్టిల్లు పొందూరు. మనవరాలికి ఈ వైపు సంబంధమే చెయ్యాలని పట్టు. శ్రీకాకుళంలో చినబాబని ఒక గుమస్తా ఉన్నాడట. పదకొండింటికి కోట గుమ్మం దగ్గరికి వస్తాడట. కోట చూస్తున్నట్టే ఉండి ఒకరినొకరు చూసుకుంటారు. నచ్చకపోతే ఎవరి దారి వారిది, ఎవరి పరువూ పోదు. ఇదంతా కుదిర్చింది నరసింగరావు బావ గణపతిరావు. కుదర్చడంతో ఆయన వంతు సరి. చాకిరీ అంతా బావమరిది నెత్తిన.

"నువ్వే దగ్గరుండి సూసుకోవాల. పెళ్లీ పెటాకులూ లేనోడివి, నీకేటి పనిరా?" అన్నాడు బావ.

నరసింగరావుకి ఒళ్ళు మండింది. నెల్లిమర్ల జూట్ మిల్లులో ఒక్క రోజు సెలవు దొరకడం ఎంత గగనమో ఈయనకేం తెలుసు! అయినా అక్క మొహం చూసి ఊరుకున్నాడు. టాక్సీ మాట్లాడాడు. కోట కాపలాదారుని రెండుసార్లు కలిసి బతిమాలాడు. పులిహోర, దద్దోజనం పురమాయించాడు. ఈ సంబంధం బెడిసిందంటే అందరూ తనవైపే వేలు చూపిస్తారని వాడికి తెలుసు.

తీరా ఆ రోజు ఓడ రెండున్నర గంటలు ఆలస్యంగా వచ్చింది. వారం రోజుల లెక్క నీళ్ళపాలైంది.

మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు ఆనందపురం దాటగానే టాక్సీ టైరు పేలింది. డ్రైవరు ముసలాడు, నడుం పట్టేసిందని దిగి చెట్టు నీడన కూర్చున్నాడు. నరసింగరావే చొక్కా చేతులు మడిచి, డ్రైవర్నీ బావనీ కలిపి తిట్టుకుంటూ చక్రం మార్చాడు. ఇస్త్రీ చొక్కా నిండా మసి. లక్ష్మణమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి తీరిగ్గా చూస్తూ కూర్చుంది.

కోట చేరేసరికి పన్నెండున్నర. చినబాబు లేడు.

నరసింగరావు ఆ మనిషిని ఎన్నడూ చూసినవాడు కాదు. తెల్లచొక్కా కనబడితే చాలు, మీరు చినబాబు గారా అని అడిగాడు. నలుగురు కాదన్నారు. ఐదోవాడు, ఏం బాకీనా అని కంగారుపడి పోయాడు. స్టేషను వైపు నుంచి వచ్చే ప్రతి రిక్షానీ నరసింగరావు ఆశగా చూశాడు.

ముసలమ్మకి మాత్రం తొందరే లేదు. ప్రతి గదీ చూడాలి, ప్రతి స్తంభం తడమాలి. మోకాళ్ళ నొప్పి, మెట్టు మెట్టుకీ నరసింగరావు చెయ్యి పట్టుకోవాలి. వాడు ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను గుమ్మం మీద పెట్టి ఎక్కించాడు, దించాడు. కోటకి ఎన్ని బురుజులని నీలవేణి అడిగితే, నాలుగు, లెక్కపెట్టుకోండి అని కసిరాడు. ఆ పిల్ల నవ్వి, నిజంగానే వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. వాడికి సిగ్గేసింది. ఇంత మంచి పిల్లని ఇలా ఎదురుచూసేలా చేసినందుకు ఆ చినబాబు మీద చెడ్డ కోపం కూడా వచ్చింది.

రెండైంది. నీడన ఆకులు పరిచి వాళ్ళకి వడ్డించాడు. తనకి ముద్ద దిగలేదు. చివరికి ఉండబట్టలేక అనేశాడు.

"ఆడింక రాడమ్మా. తప్పు మాదే. కానీ ఒక్క మాట సెప్తాను, ఇలాటి పిల్లని సూడ్డానికి రానోడు కళ్ళుండీ కబోదే."

"అలాగంటావేటి బాబూ," అని లక్ష్మణమ్మ మరో ముద్ద దద్దోజనం వేయించుకుంది. నీలవేణి ఆకులోంచి తల ఎత్తలేదు.

తిరుగుదారిలో రైలు గేటు ఇరవై నిమిషాలు పడి ఉంది. నరసింగరావు దిగి గేటు దగ్గర అటూ ఇటూ తిరిగాడు. రేవులోకి టాక్సీ వచ్చేసరికి ఐదుకి పది నిమిషాలు. ముసలమ్మని దాదాపు మోసుకొచ్చినట్టే ఓడ మెట్ల దాకా తెచ్చాడు.

అక్కడ చేతులు జోడించాడు. ఇంత దూరం తిప్పి పెళ్లికొడుకుని చూపించలేకపోయాను, క్షమించండమ్మా అన్నాడు.

లక్ష్మణమ్మ మనవరాలి వైపు చూసింది. నీలవేణి చిన్నగా తలూపి, గబగబా మెట్లెక్కిపోయింది. ముసలమ్మ వాడి మసి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"పెళ్లికొడుకుని పొద్దుట్నుంచీ సూస్తానే ఉన్నాం బాబూ, మా పిల్లకి నచ్చినాడు, మరి మా పిల్ల నీకు నచ్చినాదా?"