నాలుగు వేళ్ళ లోతు

"ఇలా సాగుచేస్తే ప్రపంచానికంతటికీ తిండి పెట్టొచ్చంటారా, తాత్ బసీలియో?" అని అడిగింది ఇంజనీరమ్మ నోయేమి.

"ప్రపంచం సంగతి నాకేం తెలుసమ్మా? పద్దెనిమిది ఇళ్ళ సంగతైతే చెప్తాను."

నోయేమి నవ్వి పుస్తకంలో రాసుకుంది. పెద్దవాళ్ళని ఈ కొండల్లో తాత్ అని పిలవాలని, రాజధాని నుంచి వచ్చిన రోజే ఆమెకి నేర్పారు.

బసీలియో తోట చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మొక్కజొన్న, దాన్ని పట్టుకుని ఎగబాకే చిక్కుడు, కింద గుమ్మడి, పైన అవకాడో నీడ. ఎరువు కొనడు. మందు కొట్టడు. నాగలి సంగతి అటుంచి, పారని కూడా లోపలికి రానివ్వడు. తన పారని పడుచుతనంలోనే అటకెక్కించాడు, మళ్ళీ దించలేదు. మొన చెక్కిన కర్రతో నాలుగు వేళ్ళ లోతు పొడిచి గింజ వేస్తాడు. అంతకన్నా లోతుగా పొడిచిన కూలీకి ఆ రోజే ఆఖరు.

"నేలని కదపకపోవడమే పెర్మాకల్చర్‌ అనే ప్రకృతి సాగుకి ప్రాణం. ఈయనకి ఎవరూ చెప్పకుండానే తెలిసింది" అని నోయేమి మీటింగుల్లో మురిసిపోయేది.

విత్తే ముందు ఊళ్ళో అందరూ నేలతల్లిని క్షమాపణ అడుగుతారు. ఒంటిని పొడుస్తున్నాం కదా, అందుకు. మిగతావాళ్ళకి ఒక కొవ్వొత్తి కాలేంతసేపు చాలు. బసీలియోకి మాత్రం పూటంతా పడుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని ఏదో గొణుగుతూనే ఉంటాడు.

ఇంకో చిత్రం ఏమిటంటే, ఆ తోటలో ఒక్క కంకి కూడా ఆయన తినడు. సంతలో కొన్న మొక్కజొన్నతో రొట్టెలు కాల్చుకుంటాడు. కాసినదంతా ఆ పద్దెనిమిది ఇళ్ళకే. ఎంత విరగకాసినా పంతొమ్మిదో ఇల్లు లేదు. మిగిలింది ఎండబెట్టి మళ్ళీ ఆ ఇళ్ళకే ఇస్తాడు. మంచివాడే గానీ కాస్త తిక్క అని ఊరు సరిపెట్టుకుంది.

మొదటి బుట్ట ఎప్పుడూ ఇలారియాకే.

"అన్నీ మగదిక్కులేని కొంపలే ఏరుకున్నావు. డెబ్బై దాటినా నీ కళ్ళు కుదురుగా ఉండవా?" అని ఆమె ఆటపట్టించేది.

బసీలియో నవ్వేవాడు కాదు. తల ఎత్తకుండా బుట్ట దించి వెళ్ళిపోయేవాడు. పాపం, సిగ్గు కాబోలు అనుకునేది ఇలారియా.

ఆమె మొగుడు మకారియోని, ఊళ్ళో ఇంకొందరు మగాళ్ళతో పాటు, నలభై ఏళ్ళ కిందట సైన్యం పట్టుకెళ్ళింది. అప్పటికి ఆమె నెలలు నిండిన మనిషి. ఇంట్లో మిగిలింది అతని టోపీ ఒక్కటే. ఎక్కడ ఎముకలు బయటపడ్డాయని విన్నా, ఆ టోపీ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కుతుంది. అతని బెల్టు బిళ్ళ చూస్తే చాలు, గుర్తుపడుతుంది. ఇంతవరకూ కనబడలేదు. నవంబరులో చనిపోయినవాళ్ళ పండక్కి అందరూ సమాధుల మీద బంతిపూలు పెడతారు. ఆమె బసీలియో తోటలో కోసుకొచ్చిన పూలని తన గుమ్మం ముందే చల్లుకుంటుంది.

రెండేళ్ళుగా వానలు సరిగ్గా లేవు. ఊళ్ళో చేలు నిలువునా ఎండిపోయాయి. నోయేమి కొలతలు తీసి ఒక మాట తేల్చింది. బసీలియో తోటలో బంతిపూలు పూసే పల్లంలో కుంట తవ్వితే, కొండమీది వాననీళ్ళన్నీ అక్కడ నిలుస్తాయి. నూట ఇరవై ఇళ్ళు ఇలాంటి తోటలే వేసుకోవచ్చు. ఖర్చంతా నోయేమి పనిచేసే సంస్థది. ఊరంతా సంతకాలు పెట్టింది.

బసీలియో వద్దన్నాడు. పెద్దలు వెళ్ళి అడిగారు. వద్దన్నాడు. నోయేమి బతిమాలింది. వద్దన్నాడు.

చివరికి ఊరు ఇలారియాని పంపింది. ఆమె మాట కాదనడని అందరికీ తెలుసు. మంచు ఇంకా విడవని పొద్దున, భుజాన పారతో ఆమె తోటలోకి వచ్చింది.

బసీలియో చూపు ఆ పార మీదే ఉండిపోయింది.

"కుంట ఇంకెక్కడైనా తవ్వుకోండి" అన్నాడు.

"నీళ్ళు పల్లానికి పోతాయి గానీ, నీ మాట విని మిట్టెక్కుతాయా?"

"ఆ పల్లం మాత్రం వద్దు, ఇలారియా."

"మేం పద్దెనిమిది ఇళ్ళవాళ్ళం తింటే చాలా? నా కూతురింట్లో పిల్లలు ఉప్పు అద్దుకున్న రొట్టెతో పడుకుంటున్నారు. ఇంక నీ బుట్ట నేను ఏ మొహంతో అందుకోను?"

బసీలియో తల అడ్డంగా ఊపాడు.

"సరే, ఎవరూ తవ్వొద్దు. నేనే తవ్వుతా. కూలీలని తరిమినట్టు నన్నూ తరుము, చూస్తాను."

ఆమె విసవిసా బంతిపూల మధ్యకి నడిచి పార ఎత్తింది. బసీలియో పడుతూ లేస్తూ వచ్చి పార కర్ర పట్టుకున్నాడు. ఆమె లాగింది. ఆయన వదల్లేదు. అప్పుడు చూసింది, ముసలాయన వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"ఇదేం చోద్యమయ్యా? జానెడు నేల కోసం ఇంత ఏడుపా?"

బసీలియో కర్ర వదిలేశాడు. మోకాళ్ళ మీద కూలబడి, పూలమొక్కలు పక్కకి ఒత్తి, ఒకచోట అరచెయ్యి ఆనించాడు.

"మెల్లగా తవ్వు ఇలారియా, ఆనాడు సైన్యం నా చేతే గొయ్యి తవ్వించింది, పద్దెనిమిదిమందినీ ఈ చేతుల్తోనే పడుకోబెట్టాను, ఇటునుంచి మూడోవాడు మీ మకారియో."