మూడో మునక

లారీ డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. జామకాయల బండి మాత్రం అంగుళం కదలలేదు.

నందిగామలో నవీన్‌బాబు సిమెంటు కొట్టు ముందు జరిగిందిది. సరుకు దిగాలి, ఎండ మండిపోతోంది, కూలీలు కాచుకుని కూర్చున్నారు. నవీన్‌బాబు విసురుగా బయటికొచ్చి బండిని ఒక్క తోపు తోశాడు. నాలుగు కాయలు రోడ్డున పడ్డాయి.

"చెవుడా నీకు?"

బండి ముసలాయన అతని మొహంలోకి చూసి నవ్వాడు.

ఆ నవ్వుకే నవీన్‌బాబుకు ఒళ్లు మండింది. తిడుతుంటే నవ్వేవాణ్ణి చూస్తే ఎవరికి మండదు? ఇంకో నాలుగు తిట్లు తగిలించి, రేపటినుంచి ఈ ఛాయలకు రావద్దన్నాడు.

పక్కన టీకొట్టు జయమణి వచ్చి, శాంతయ్యకు నిజంగానే వినపడదని, చెవిటివాడి ముందు శంఖం ఊది ఏం లాభమని సర్దిచెప్పింది. నవీన్‌బాబు చెప్పిన మాట ఆవిడే సైగలతో ముసలాయనకు తెలియజేసింది. ఆయన కాయలు ఏరుకుని బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ మర్నాడే నవీన్‌బాబు విమానం ఎక్కాడు. టార్గెట్ దాటిన డీలర్లందరినీ సిమెంటు కంపెనీవాళ్లు థాయ్‌లాండ్ తీసుకెళ్లారు.

అక్కడ సముద్రం అడుగుకు దింపుతామన్నారు. వీపున గాలి సిలిండరు, మొహానికి అద్దం, నోట్లో గొట్టం, పక్కన చెయ్యి పట్టుకుని నేర్పేవాడు. మిగతా డీలర్లు ఎగిరి గంతేశారు. నవీన్‌బాబు వెనక వరసలోకి జరిగాడు.

అతనికి నీళ్లంటే హడలు. ఏడేళ్లప్పుడు, లారీల ఓనరైన నాన్న వెంట జగ్గయ్యపేట క్వారీకి వెళ్లి, వాననీళ్లు నిలిచిన గుంటలో పడ్డాడు. మునగడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది ఆసుపత్రి మంచమే. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లే బిడ్డను పైకి లాగిందని, వాళ్లమ్మ భారతీదేవి ఇప్పటికీ ఏటా మొక్కు చెల్లిస్తుంది. తిరుపతమ్మ లాగింది సరే, అతనితోపాటు భయం కూడా ఒడ్డెక్కింది. కూతుర్ని ఈత క్లాసు వాకిలి తొక్కనివ్వలేదు.

ఆ కూతురే ఫోన్ చేసింది. నువ్వు దిగితే నేనూ నేర్చుకోవచ్చా నాన్నా అని అడిగింది.

దాంతో దిగక తప్పలేదు.

నేర్పేవాడు వచ్చీరాని ఇంగ్లీషులో జాగ్రత్తలు చెప్పాడు. లోతుకు పోయేకొద్దీ చెవులు నొప్పెడతాయి. ముక్కు మూసుకుని మెల్లగా ఊదాలి. తగ్గకపోతే సైగ చేసి పైకి రావాలి. ఓర్చుకుని దిగితే చెవిపొర చిరుగుతుంది.

రెండు నిలువుల లోతుకే చెవుల్లో మేకులు దిగినట్టయింది. ముక్కు మూసి ఊదాడు. కాస్త తగ్గింది. మళ్లీ దిగాడు. అడుగున పసుపుపచ్చ చేపలు అతన్ని పట్టించుకోకుండా తిరుగుతున్నాయి. తన ఊపిరి తనకే వినిపిస్తోంది. ముప్ఫై ఏళ్ల తర్వాత నీళ్లలో మునిగి కూడా బతికే ఉన్నానన్న సంతోషంతో అద్దం లోపలే ఏడ్చాడు.

పైకొచ్చాక చెవులు రెండూ మూసుకుపోయాయి.

భోజనాల దగ్గర తోటి డీలరు రత్నబాబు ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. నవీన్‌బాబూ నవ్వాడు. ఏమన్నారో తెలియదు, నలుగురి మొహాలు చూసి నవ్వాడంతే.

మరుక్షణం ఆ నవ్వు ఎక్కడ చూశాడో గుర్తొచ్చింది. పళ్లెం పక్కకు జరిపాడు. వినపడని మనిషి నవ్వక ఇంకేం చేస్తాడు? దాన్ని పొగరనుకున్నాడు తను.

తిరిగొచ్చాక విజయవాడ డాక్టరు మందులిచ్చి అతని చెవులు బాగుచేశాడు. నవీన్‌బాబు అక్కడే మంచి రకం చెవి మిషన్ ఒకటి కొన్నాడు. శాంతయ్యకు తన చేత్తో పెట్టి, తప్పయిపోయిందన్న మాటే మొదట వినిపించాలని అతని ఆశ.

కొట్టు ముందు బండి లేదు. జయమణిని అడిగితే, జ్వరం తగిలి జగ్గయ్యపేటలో కూతురు గ్రేసీ ఇంటికి వెళ్లాడంది.

నవీన్‌బాబు ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి, గోడమీద శిలువ పక్కన శాంతయ్య ఫొటో ఉంది. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లి నాలుగు రోజులైందని భార్య సౌభాగ్యమ్మ చెప్పి, కుర్చీ వేసింది.

అతను కూర్చోలేకపోయాడు. తనెవరో, ఏమేం తిట్టాడో దాచకుండా చెప్పి మిషన్ పెట్టె చూపించాడు.

"ఎంతమంది తిట్టలేదు బాబూ. ఇనపడితేగా ఆయన బాధపడ్డానికి" అంది సౌభాగ్యమ్మ.

"పుట్టుకతోనే అంతామ్మా?"

"కాదయ్యా. మున్నేట్లో ఈత నేర్చిన మనిషి, ఇక్కడ క్వారీలో రాయి కొట్టేవోడు. ముప్ఫై ఏళ్లనాడు ఎవరో లారీల ఓనరు గారి పిల్లోడు గుంటలో పడ్డాడు. ఈయన రెండుసార్లు మునిగినా దొరకలా. అప్పటికే చెవుల్లో నెత్తురు. వద్దని పట్టుకున్నా ఇనకుండా మూడోసారి మునిగి తెచ్చాడు."

నవీన్‌బాబు గోడ పట్టుకున్నాడు.

"పిల్లోణ్ణి జీపులో ఏసుకుపోయారు. ఎవరి బిడ్డో ఏమో, పేరన్నా తెలవదు. ఈయన చెవులకి చీముపట్టి మొత్తం పోయినాయి. పేలుళ్ల ముందు ఊదే ఈల ఇనపడదని పనిలోంచి తీసేశారు."

ఎందుకు మునిగానా అని ఆయన ఎప్పుడైనా బాధపడ్డాడా అని అడగబోయాడు. సౌభాగ్యమ్మకు ఆ ప్రశ్న అలవాటే కాబోలు, ఫొటో వంక చూసి తనే చెప్పింది.

"ఒడ్డున ఏసి కడుపు నొక్కగానే ఆ బిడ్డ కెవ్వుమన్నాడంట బాబూ, ఆ ఏడుపొక్కటీ చెవినబడ్డాక ఇంకేదీ ఇనపడకపోయినా పర్లేదనేవోడు."