రెండో వైపు వాలు

గిటారు తీగలను పట్టి ఉంచే చెక్కను మేం బ్రిడ్జి అంటాం. దాని మీద తీగలు ఆనే ఎముక ముక్క కూర్చునే గాడి ఏటవాలుగా ఉంటుంది. కుడిచేతి వాటం వాళ్లకు ఒక వైపు వాలు, ఎడమచేతి వాళ్లకు రెండో వైపు. గిటార్లు బాగుచేస్తున్న ఈ ముప్పై ఏళ్లలో ఆ వాలు నేనెప్పుడూ తప్పలేదు.

ఆ రాత్రి రెండుసార్లు తప్పాను.

చనిపోయిన తన అన్నయ్య గిటారని ఒకావిడ తెచ్చింది. తీగలు లేవు, బ్రిడ్జి ఊడిపోయింది. ఇకమీదట తనే వాయిస్తుందట, పొద్దున్నకల్లా కావాలంది. ఆవిడది కుడిచేతి వాటం. నాదీ అంతే.

మొదటి చెక్క మీద గాడి ఎదురు వాలుతో వచ్చింది. నిద్రమత్తని నన్ను నేనే తిట్టుకుని, మొహం కడుక్కొచ్చాను. రెండో చెక్క మీద పెన్సిలు గీత గీసి, సరిచూసుకునే ఉలి పట్టాను. పని అయ్యాక పొట్టు ఊదాను. గాడి నా గీతకు అడ్డంగా, మళ్లీ రెండో వైపే వాలి ఉంది.

ఆవిడకు ఫోన్ చేశాను.

"ఈ వేళప్పుడు చేశానని ఏమీ అనుకోవద్దమ్మా. మీ అన్నయ్యది ఎడమచేతి వాటమా?"



"అవునండీ. ఆ గిటారు నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. మీకెవరు చెప్పారు?"

జవాబు చెప్పబోతుంటే, చెక్కను ఉలి గీరుతున్న చప్పుడు వినిపించింది. కొట్లో నేనొక్కడినే ఉన్నాను.

తల వంచి చూశాను. ఫోను నా కుడిచేతిలో ఉంది. నా ఎడమచేయి మూడో చెక్క మీద తన పని తను చేసుకుపోతోంది.