డ్రాగన్ చెయ్యి

లాయ్‌ఫాన్ తండ్రి కుడిచేతికి గోళ్లు తీస్తోంది. ఆ చెయ్యి ఆమె ఒడిలో తడిగుడ్డలా పడి ఉంది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి అది కదలలేదు, ఆయన నోట మాటా లేదు. ఆ సంగతి హుయ్‌జౌ ఊళ్లో ఎవరికీ తెలియనివ్వలేదు లాయ్‌ఫాన్.

చిటికెనవేలు మిగిలి ఉండగానే తలుపు దబదబా మోగింది.

"తామ్ గురువుగారూ! నది అవతలి ఔ సిక్‌ని. అసలైన డ్రాగన్ యుద్ధవిద్య మీదో మాదో ఇవాళ తేలిపోవాలి. నేను గెలిస్తే మీ గుమ్మం మీది డ్రాగన్ పలక దింపుకుపోతాను."

ఆ పలక దిగితే తండ్రి ప్రాణం కూడా దిగిపోతుందని ఆమెకు తెలుసు. గబగబా ఆయన చేతిని బల్ల మీద పెట్టి, చొక్కా చేతిని మణికట్టు దాకా లాగి, తలుపు తీసింది.

ఔ సిక్ లోపలికి వచ్చాడు. అతని వెంట వచ్చిన శిష్యులిద్దరూ గడప దగ్గరే ఆగి మెడలు సాచారు.

"పెద్దాయన లేవరా?" అన్నాడొకడు.

"నీకోసమా? మీ గురువు మా నాన్నని కుర్చీలోంచి కదిపితే చాలు, పలక పట్టుకుపోండి."

"ఆయనకి నోరు లేదా?"

"పొద్దుటి ఊపిరి సాధనలో ఉన్నారు. మీ ఒడ్డున అది నేర్పరు కాబోలు."

ఔ సిక్ నవ్వలేదు. ఎదురుగా కూర్చుని తన కుడి మణికట్టును పెద్దాయన కుడి మణికట్టుకు ఆనించాడు. తండ్రి ఎడమచెయ్యి బాగానే ఉన్నా, పందెంలో ఎడమచెయ్యి ఇవ్వడం అక్కడ తిట్టుతో సమానం. ఆమెకు ఇంకో దారి లేకపోయింది.

డ్రాగన్ విద్యలో మణికట్టు కొట్టదు, వింటుంది. ఎదుటివాడి బలం ఎటు కదలబోతోందో దానికి తెలిసిన క్షణంలో, పాదంలో పుట్టిన మెలిక నడుములో తిరిగి చేతికొస్తుంది. ఒక్క విసురు. అది తగిలితే పెద్దాయన కుర్చీతో సహా గోడకు కొట్టుకుంటాడు.

ఔ సిక్ కళ్లు మూసుకుని విన్నాడు. కొద్దిగా నొక్కాడు. కొద్దిగా వదిలాడు. కనుబొమలు ముడిపడ్డాయి. కళ్లు తెరిచి ఆ చేతి వంక, పెరిగిపోయిన చిటికెనవేలి గోరు వంక చూశాడు. లాయ్‌ఫాన్ నేల మీది గోళ్ల ముక్కల్ని మెల్లగా కాలితో కప్పేసింది.

అతను చటుక్కున లేచాడు. నుదుటి నిండా చెమట.

"ఓడిపోయాను."

"అదేంటి గురువుగారూ, మీరింకా కదలనే లేదు!"

"ఏం చూసుకుని కదలమంటావురా? నీళ్లలో చెయ్యి పెట్టినట్టుంది. ఎక్కడ పట్టుకుని విసరను?"

లాయ్‌ఫాన్ ఊపిరి వదిలింది. చచ్చుబడ్డ చేతిని చూసి మహావిద్య అనుకున్నాడు! నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

"అయితే టీ పోయండి మరి," అన్నాడు రెండో శిష్యుడు ఉక్రోషంగా. "ఓడినవాళ్లు పోస్తే, గెలిచినవాళ్లు రెండు చేతులా అందుకుని తాగాలి. అదీ చూశాకే మేం ఒప్పుకుంటాం."

ఆమె నవ్వు ఎగిరిపోయింది. రెండు చేతులా!

"టీ చల్లారిపోయింది. కాచి తెస్తాను, ఉండండి," అంటూ బల్ల మీది టీ కూజా వైపు చెయ్యి చాపింది.

"నువ్వుండమ్మా." ఔ సిక్ కూజా అందుకుని కప్పు నింపాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, గడప వైపు వీపు పెట్టి, పెద్దాయన ముందు నిలబడ్డాడు. ఆ వెడల్పాటి వీపు చాటున శిష్యులకు కుర్చీ కూడా కనబడలేదు. వాళ్లు అటూ ఇటూ ఒంగి చూడబోయారు.

"తలలు దించండి! గురువు తాగుతుంటే నిక్కి చూస్తారా?" అని గద్దించాడు.

రెండు తలలూ దిగాయి.

ఔ సిక్ వంగి, కప్పును పెద్దాయన ఎడమచేతిలో పెట్టి, ఆ వేళ్లు బిగుసుకునేదాకా తన చేత్తో పట్టి ఉంచి, శిష్యుల్ని ముందుకు తోసుకుంటూ గడప దాటి వెళ్లిపోయాడు.