అంచుల తాళం

పొద్దున్నే దేవేంద్ర మెయిల్ తెరిచాడు. ధర్మవరంలో తాము నడుపుకునే నేత సంఘం పేరుతో బెంగళూరు షాపులన్నిటికీ మళ్ళీ అవే మెయిళ్ళు. మగతనం మాత్రలు, దొంగ లాటరీలు, చూడలేని ఫోటోలు. పట్టుచీరల మాట ఉండాల్సిన చోట ఈ పెంట!

అడుగున ఒక షాపు యజమాని జవాబు. “ఇంకొక్కటి వచ్చిందంటే మీ సంఘంతో వ్యాపారం బంద్.”

ఆ షాపులు కాదంటే మగ్గాలు ఆగిపోతాయి. వానలను నమ్ముకోలేని ఈ సీమలో సంఘం వాళ్ళకు మగ్గం తప్ప ఇంకో దిక్కు లేదు.

సభ్యులందరికీ మెయిల్ అకౌంట్లు పెట్టించింది సంఘం కార్యదర్శిగా దేవేంద్రే. పాస్‌వర్డ్ అందరిదీ ఒక్కటే, సంఘం పేరు. మార్చుకోండప్పా అంటే, మర్చిపోతామన్నారు. ఆ సందులోంచే దొంగలు దూరారు.

దొంగల మెషీన్లు దూరకుండా లాగిన్ దగ్గర, ఫోటోల్లో బస్సులూ సిగ్నళ్ళూ ఎంచే మామూలు పజిల్ పెట్టించి చూశాడు. ఆగలేదు. అలాంటివి విప్పడానికి ఎక్కడెక్కడో మనుషుల్ని కూలికి పెట్టుకుంటారట. వింటేనే ఒళ్ళు మండింది. దొంగకు తలుపు తీసి కూలి పుచ్చుకోవడమా? థూ, అదీ ఒక బతుకేనా!

అందుకే పోయిన వారం సొంతంగా ఒక పజిల్ తయారుచేయించాడు. వరసగా చీరల ఫోటోలు వస్తాయి. వాటిలో రుద్రాక్ష అంచువి మాత్రమే ఎంచాలి. మగ్గం ఎరగనివాడికి అన్ని అంచులూ ఒక్కలాగే ఉంటాయి. దొంగలు నిజంగానే ఆగిపోయారు. దేవేంద్ర కాలర్ ఎగరేసుకుని తిరిగాడు.

ఇప్పుడు మళ్ళీ మొదలు. అంటే అంచులు తెలిసినవాడెవడో చేయి కలిపాడు. మనవాడే! ఆ ఆలోచనకే నోరు చేదెక్కింది.

మధ్యాహ్నం సంఘం ఆఫీసులో అందరి కళ్ళూ వీరేష్ మీద పడ్డాయి. నేత గిట్టక ఇంటర్నెట్ సెంటర్లో పనికి కుదిరిన నేతగాడు వాడొక్కడే.

“అన్నా, నా బిడ్డ మీద ఒట్టు. నాకేమీ తెలీదు.”

“ఛీ, నోరు ముయ్!” దేవేంద్ర కసిరాడు. “దుడ్ల కోసం మన అంచుల్నే అమ్ముకుంటివి కదరా. నీ మొగం చూసేదానికే అసయ్యంగా ఉండాది.”

వీరేష్ ఇంకేదో చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. అప్పటికప్పుడు వాణ్ణి సంఘంలోంచి తీసేశారు. వాడు కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు. వాడు కూర్చున్న కుర్చీని దేవేంద్ర కాలితో పక్కకు నెట్టాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి మంచం మీద కూలబడ్డాడు. భార్య జ్యోతిలక్ష్మి ఫోన్లోంచి తల ఎత్తలేదు. ఆమె వేలు తెర మీద చకచకా ఆడుతోంది.

“ఏం చూస్తాండావే అంతగా?”

“చూసేదేముండాది, పని చేస్తాండా. నీకు చెప్తే నవ్వుతావని ఇన్నాళ్ళూ దాచినా.” ఆమె మొహం వెలిగిపోతోంది.

“నువ్వా? ఫోన్లో ఏం పనే?”

“ఇంతకాలం బస్సులు ఎంచు, సిగ్నళ్ళు ఎంచు అని పానం తీసినారు గానీ, ఇంకెవురికీ చేతగాలేదని ఈ వారం మన రుద్రాక్ష అంచులన్నీ నాకే పంపిస్తాండారయ్యా!”